అంచులో బేస్తవారం

ఆ ఊళ్లో అర్చనను పేరు పెట్టి పిలిచేవాళ్లు జీతం బిల్లు రాసే గుమాస్తా తప్ప మరొకరు లేరు. ఊరంతటికీ ఆమె బేస్తవారం మేడం.

ఆమె మున్సిపాలిటీలో బిల్డింగ్ ఓవర్సియర్. ఎవరు ఇల్లు కడుతున్నా ప్లాను ప్రకారం కడుతున్నారా, పక్కింటి గోడకు జాగా వదిలారా, మెట్లు రోడ్డు మీదికి దించారా అని చూసి, తప్పుంటే పని ఆపించడం ఆమె ఉద్యోగం. పట్టణానికి ఒకరు చొప్పున ఉండాలని కాగితం మీద రాసే ఉంది. కాగితానికేం, అది ఎన్నయినా మోస్తుంది. ఉన్న ముగ్గురు ఓవర్సియర్లలో ఒకాయన రిటైరయ్యాడు, ఇంకొకాయన హైదరాబాదుకు బదిలీ చేయించుకున్నాడు, మూడు పట్టణాలూ వచ్చి అర్చన నెత్తిన పడ్డాయి. సోమ, మంగళ, బుధవారాలు ఒక ఊరు. శుక్ర, శనివారాలు ఇంకో ఊరు. నడుమ మిగిలిన గురువారం, ఊరివాళ్ల మాటలో బేస్తవారం, ఒక్కటీ ఈ ఊరికి. ముగ్గురు అత్తలకు ఒక్క కోడలైనట్టుంది ఆమె బతుకు. ఏ అత్త ముందుకు పోయినా ఇన్నాళ్లు ఎక్కడ తిరుగుతున్నావనే అడుగుతుంది.

ఇక ఆ ఊరి సంగతి. గద్వాలకు బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న చిన్న పట్టణం. పేరు చెబితే ఊరివాళ్లు నొచ్చుకుంటారు, వద్దులెండి. సగం మంది చేను మీద, సగం మంది మగ్గం మీద బతికే ఊరే గానీ, ఈ మధ్య అందరి కన్నూ స్లాబు మీద పడింది. అర్చన గురువారం మాత్రమే వస్తుందని తెలిసిన మరుక్షణం ఊరు తన పంచాంగం తానే రాసుకుంది. పంతులు ఎంత మంచి ముహూర్తం పెట్టినా మేస్త్రీని అడక్కుండా ఒప్పుకునేవాళ్లు లేరు. "బేస్తవారం పొద్దంతా రాహుకాలమే" అని తేల్చేసేవాడు మేస్త్రీ. మిగతా రోజులు గడగడమని తిరిగే కంకర మిషన్లు బేస్తవారం పొద్దునకల్లా నోళ్లు మూసుకునేవి. కట్టే ఇళ్ల ముందు ఆకుపచ్చ పరదాలు దిగేవి. కూలీలు అరుగుల మీద చేరి పులిజూదం ఆడుకునేవాళ్లు.

కొత్తలో ఆ నెమ్మది చూసి అర్చన మురిసిపోయింది కూడా. ఇంత బుద్ధిమంతుల ఊరు జిల్లాలోనే లేదనుకుంది. వచ్చిన నాలుగో వారం, అంతకుముందు గురువారం లేని అంతస్తు ఒకటి ఉన్నట్టుండి కనబడేసరికి సంగతి బోధపడింది. బోధపడి మాత్రం ఏం చేస్తుంది? వారానికి ఒక్క రోజు వచ్చే మనిషికి కనబడేది ఆ ఒక్క రోజు ఊరే.

ఆమెకున్న బలగమంతా చైన్‌మన్ యేసయ్య. కొలతల టేపు పట్టుకుని వెంట నడిచే మనిషి, అయిదు పదులు దాటాడు, ఊళ్లో ఏ గోడ ఎవరిదో, ఆ గోడ మీద ఎన్ని తగాదాలున్నాయో నోటికి చెబుతాడు. టేపు పట్టుకునే అధికారమే గానీ సంతకం పెట్టే అధికారం లేదు గనుక, అర్చన లేని ఆరు రోజులూ అతన్ని ఏ బిల్డరూ గేటు దాటనిచ్చేవాడు కాదు.

ఆగస్టు నెల. ఆ గురువారం పొద్దున్నే వనపర్తిలో బస్సెక్కి, ఆత్మకూరు మీదుగా జూరాల దాటేసరికే ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆఫీసులో అడుగు పెట్టగానే సీనియర్ అసిస్టెంట్ ఉమేష్ వారం రోజుల కాగితాలు బల్ల మీద పెట్టాడు. చూడవలసిన ఇళ్లు పద్నాలుగు, జవాబు రాయాల్సిన ఫిర్యాదులు తొమ్మిది. అన్నిటికీ అడుగున, మూలలు నలిగిన అర్జీ ఒకటి.

"గిది పక్కకు పెట్టుండ్రి మేడం" అన్నాడు ఉమేష్. "మనది కాదు. వార్డులోని అర్జీల పెట్టెల పడ్డది. మగ్గం అని ఉన్నదని చేనేత ఆఫీసుకు పంపిన. వాళ్లు తిప్పి పంపిండ్రు."

అర్చన చదివింది. నేతపని పెంటయ్య, వయసు అరవై ఎనిమిది. నెల రోజులుగా తన మగ్గం వంకరపోతున్నదనీ, నేసిన చీర అంచు సూటిగా దిగడం లేదనీ, పెద్దలెవరైనా వచ్చి చూడాలనీ రాయించాడు. కింద చేనేత ఆఫీసు వాళ్ల ఎర్రసిరా ముక్క: గురువారం నాడు పరిశీలించగా మగ్గమందు ఎట్టి లోపమూ కనబడలేదు, ఇంటి సంగతి మీ పరిధిలోనిది గనుక తిప్పి పంపడమైనది.

ఆమె నవ్వి పక్కన పెట్టబోయింది. అంతలో ఇంటి నంబరు మీద చూపు ఆగింది. ఆ నంబరు ఎక్కడో చూసింది. యేసయ్యను పిలిచి అడిగింది.

"శ్రవణ్ కుమార్ కట్టే కాంప్లెక్స్ లేదా మేడం, దాని పక్క ఇల్లే పెంటయ్యది" అన్నాడు యేసయ్య. "నడుమ ఒక్కటే గోడ."

శ్రవణ్ కుమార్ కాంప్లెక్స్ ఆమెకు తెలియకపోవడమేమిటి. ప్లాను మంజూరు చేయమని సిఫారసు రాసింది తనే. కింద దుకాణాలకు మడిగెలు, పైన రెండంతస్తులు. పోయిన రెండు గురువారాలూ దాని ముందు నుంచే నడిచిపోయింది. ఆకుపచ్చ పరదా, ముందర నిద్రపోతున్న వాచ్‌మన్. పునాది గుంతలు తీస్తున్నారు కాబోలనుకుంది. లోపలికి పోదామనుకుంది గానీ అటు ఎండ, ఇటు ఇంకా పదకొండు ఇళ్లు మిగిలి ఉండడంతో వచ్చే వారం చూద్దాంలే అనుకుని ముందుకు పోయింది. ఆ వచ్చే వారం ఇదే.

"టేపు పట్టుకో యేసన్నా. ముందు అక్కడికే పోదాం" అంది.

పెంటయ్య ఇల్లు రాతి పునాది మీద మట్టి గోడలు లేపిన రెండు గదుల ఇల్లు. ముందు గదంతా మగ్గమే. నేలలో నడుము లోతు గుంత, గుంతలోకి కాళ్లు దించుకుని అంచు మీద కూర్చుని నేసే మగ్గం అది. పెంటయ్య ఒక పక్క, భార్య అనంతమ్మ ఒక పక్క కూర్చుని దారం కండెలున్న నాడెలు అందించుకుంటున్నారు. నడుమంతా నూలు, అంచు పట్టు. నూలూ పట్టూ కలిసేచోట రెండు దారాలు చేత్తో లంకె వేసుకుంటూ పోవాలి. ఆ గీత సూటిగా దిగిందా లేదా అన్నదే అక్కడి నేతగాడి పరువు.

అనంతమ్మ లేచి చాప పరిచింది. "కూసో బిడ్డా. బేస్తవారం మేడమంటే నువ్వేనా" అంది. పెంటయ్యకు మగ్గం మోతతోనే చెవులు మందగించి ఏళ్లయింది. భార్య చెవి దగ్గర అరిచి చెప్పాక గానీ వచ్చినదెవరో తెలియలేదు.

"మగ్గంది తప్పు లేదంట తల్లీ" అన్నాడు అతను. "చేనేత సారు వచ్చి చూసిండు. మగ్గం మంచిగున్నదన్నడు. ఇగ తప్పు నా చేతులదే. యాభై ఏండ్ల చెయ్యి, అయిపోయింది. సావుకారు రెండు చీరలు మొకం మీద కొట్టినంత పని చేసిండు. పెంటయ్యా, నువ్వు ఇగ కూసో, నేసింది చాలన్నడు."

ఆ మాట చెప్పేటప్పుడు అతను అర్చన వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇల్లు పోతుందన్న భయం అతనికి లేదు, ఆ ఊసే తెలియదు. చెయ్యి పోయిందన్న దిగులే అతన్ని తినేస్తోంది.

అర్చన మగ్గం దగ్గర కూర్చుంది. ఒళ్లోని దూలానికి చుట్టిన చీరను పెంటయ్య కొంచెం కొంచెంగా విప్పి చూపించాడు. అంచు గీత నిజంగానే తాగినవాడి నడకలా ఉంది. దాని పక్కనే, కొసన, వరసగా చిన్న చిన్న పసుపు దారం ముడులు కనిపించాయి.

"ఈ ముళ్లేంది పెద్దమ్మా?"

"దినానికొకటి బిడ్డా" అంది అనంతమ్మ. "పొద్దుగూకి మగ్గం దిగేముందు ఆనాడు నేసినకాడికి ఒక ముడి ఏస్త. మా అత్త నేర్పింది. ఎన్ని దినాల పని అయిందో తెలుస్తది. సావుకారు ఇంట్ల తీసేస్తరు."

అర్చన ముడి నుంచి ముడికి వేలు పెట్టుకుంటూ వెళ్లింది. మొదటి రోజు వంకర. రెండో రోజు వంకర. మూడో రోజు ఇంకా వంకర. మూడో ముడికీ నాలుగో ముడికీ మధ్య రెండు మూరల మేర గీత సూది పెట్టి గీసినట్టు దిగింది. తర్వాత నిన్న వేసిన ముడి దాకా మళ్లీ వంకర.

"ఈ ఒక్క రోజు ఎట్ల చక్కగా వచ్చింది తాతా?"

అనంతమ్మ అరిచి చెప్పింది. పెంటయ్య ముఖం కొంచెం వెలిగింది. "అది బేస్తవారం. రాఘవేంద్రసామి దినం. పొద్దున్నే తానం చేసి, మంత్రాలయం దిక్కు మొక్కి కూసుంట. ఆ ఒక్క దినం సామే నేస్తడు. మిగిలిన దినాలు నేను నేస్త. గందుకే గిట్లున్నది."

అర్చన ఆ ముడి దగ్గరే వేలు ఆపి, సావుకారు తిప్పి పంపిన చీరలు తీయమంది. అనంతమ్మ పెట్టెలోంచి తెచ్చి పరిచింది. ముడులు ఇంకా అట్లాగే ఉన్నాయి. మొదటి చీరలో ఒక రోజు సూటి, మిగతా రోజులు వంకర. రెండో చీరలోనూ ఒక రోజే సూటి. వేళ్లు మడిచి లెక్కేస్తే ప్రతిసారీ అదే రోజు తేలింది. చేనేత ఆఫీసాయన వచ్చి మగ్గం బాగుందని రాసింది కూడా ఆ రోజే.

"పెద్దమ్మా, పక్కన మిషన్ నడుస్తదా?"

"ఎందుకు నడవది. బండ కొట్టే మిషన్, పొద్దందాక దడదడ. నాడె చేతుల నిలవది. ఆయనకు ఇనిపించది. పిల్లర్ల గుంతలు అంటుండ్రు, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోరా అని ఊకున్నం." ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి అంది. "బేస్తవారం ఒక్కటే నడువది."

సామి కాదు నేసింది. బేస్తవారం మేడం వస్తుందని మిషన్ ఆగింది, అంతే. తన రాకపోకల పట్టిక ఆ చీర అంచులో దారం దారంగా నేసి ఉంది. ఒక రోజు తను ఉంది, ఆరు రోజులు లేదు. అర్చనకు సిగ్గేసింది, భయమూ వేసింది.

"ఇంకో మాట బిడ్డా" అంది అనంతమ్మ. "నూలు తెగొద్దని గుంతల చెంబెడు నీళ్లు పోస్తం, తడి ఉంటది. ఎప్పుడైనా రెండు దినాలు ఆగుతుండె. ఇప్పుడు పోసిన గడియకే ఎటు పోతున్నయో తెల్వదు."

యేసయ్య గుంతలోకి దిగి సెల్‌ఫోన్ లైటు వేశాడు. గోడ వైపున్న మట్టిలో అరచేయి దూరేంత చీలిక ఉంది. అతను అందులో చెయ్యి పెట్టి అర్చనకు చూపించాడు.

ఇద్దరూ పక్క జాగాకు పరుగులాంటి నడకతో వెళ్లారు. శ్రవణ్ కుమార్ అక్కడే ఉన్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, తెల్ల చొక్కా, మాటలో మర్యాదకు తక్కువ లేదు.

"రాండ్రి మేడం, చాయ్ తాగుతరా? ఇయ్యాల పని బందే ఉన్నది, చూసుకోండ్రి."

"బందే ఉన్నదని తెలుసు. పరదా తియ్యండి."

"లోపల అంతా బురద మేడం. జర సాఫ్ చేయిస్త. వచ్చే బేస్తవారం తప్పకుండ చూపిస్త."

యేసయ్య నెలలుగా కడుపులో పెట్టుకున్న కసి అంతా చూపించి పరదాను ఒక్క గుంజు గుంజాడు. లోపల పన్నెండు అడుగుల లోతు గొయ్యి. ప్లానులో లేని సెల్లార్. పెంటయ్య గోడ కింది పునాది రాళ్లు చిగుళ్లు పోయిన పళ్లలాగా బయటికి కనబడుతున్నాయి. వాటి కింద మట్టి లేదు. ఆ గోడ ఇన్నాళ్లుగా అలవాటు కొద్దీ నిలబడి ఉంది, అంతే.

నైరుతి మూలన ఉరిమింది.

అర్చన కమిషనర్‌కు ఫోన్ చేసింది. హైదరాబాదులో మీటింగు, ఫోను ఆపేసి ఉంది. ఇంజనీరుకు చేసింది. ఆయనా ఆమెలాగే రెండు ఊళ్ల మనిషి, ఇవాళ రెండో ఊళ్లో ఉన్నాడు. "నోటీసు ఇచ్చిపెట్టండి మేడం, ఏడు రోజులు గడువు. రేపు మాపు వచ్చి చూస్త" అన్నాడు. ఏడు రోజులంటే మళ్లీ బేస్తవారమే. ఊళ్లో ఏ పనైనా ఆ ఒక్క బేస్తవారానికే వాయిదా పడుతోంది.

ఆమె శ్రవణ్ కుమార్ కారు బోనెట్ మీద కాగితం పెట్టి పని ఆపమని రాసింది. ఇంకో కాగితం మీద, పెంటయ్య ఇల్లు ప్రమాదంలో ఉంది, ఇప్పుడే ఖాళీ చేయాలి అని రాసి కింద సంతకం పెట్టింది. ఆ రెండో కాగితం రాసే అధికారం ఆమెది కాదు. గోడ పడకుండా ఇంకో ఏడాది నిలబడితే శ్రవణ్ కుమార్ ఆ కాగితాన్నే పట్టుకుని ఆమెను కోర్టుల చుట్టూ తిప్పగలడు. అతనూ అదే అన్నాడు, నవ్వుతూనే. "మీ ఉద్యోగం సంగతి చూసుకోండ్రి మేడం." ఆమె కాగితం అతని చేతిలో పెట్టింది. కింద సంతకం ఎక్కడా వంకరపోలేదు.

మధ్యాహ్నం రెండయింది. ఇక ఖాళీ చేయించడమే కదా అనుకుంటే, పెంటయ్య కదలనన్నాడు.

"చీర ఇంక రెండు మూరలుంది. అయినంక వస్త."

"రెండు మూరలంటే రేపటిదాకా పడుతుంది తాతా. గోడ ఆగదు."

"నడుమ కొయ్యను తల్లీ. మగ్గం మీది చీరను నడుమ కోస్తే ఇంట్ల మనిషిని కోసినట్టే. మా నాయన కొయ్యలేదు, నేను కొయ్య. చెయ్యి ఎట్లనో పోయింది, ఉన్న మాట గూడ పోగొట్టుకోనా?"

అనంతమ్మ బతిమాలింది. అర్చన బెదిరించింది. అతను వినబడనట్టు నాడె అందుకున్నాడు. చెవుడులో అదొక సుఖం. పైన రేకు మీద మొదటి చినుకు పడింది. అర్చనకు ఏడుపు వచ్చినంత పనయింది. పోలీసులను పిలవాలా, మోసుకుపోవాలా?

అప్పుడు యేసయ్య వీధిలోకి నడిచి, నడుమ నిలబడి గొంతెత్తాడు. "పడుగు లేపాలె, రాండ్రి."

ఆ వీధిలో పెళ్లికి పిలిస్తే రానివాళ్లుంటారేమో గానీ పడుగుకు పిలిస్తే రానివాళ్లు లేరు. కొత్త పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, వీధిలో పొడుగునా పరిచి గంజి పెట్టేటప్పుడు చేతిలో పని వదిలేసి పదిమందీ రావాలి, దారం మీద చెయ్యి వెయ్యాలి. అది తాతల నాటి కట్టుబాటు. నిమిషంలో పన్నెండు మంది వచ్చారు. ఎదురింటి జోగులమ్మ మోకాళ్లు పట్టేసి మగ్గం మానేసి రెండేళ్లు. ఆమె ఇంట్లో గుంత ఖాళీగా ఉంది. "నా గుంతల దింపుండ్రి, గుంత ఊకెనే ఉన్నది" అంది.

కోయకుండా కదిలిస్తామనేసరికి పెంటయ్య లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత అధికారమంతా అతనిదే. ఎవరు ఎక్కడ పట్టాలో అతనే చెప్పాడు. ఇద్దరు ముందర చీర చుట్టిన దూలం పట్టారు, నలుగురు నడుమ దారాలు చిక్కుపడకుండా పట్టారు, మిగతావాళ్లు వెనక పడుగును పిల్లను ఎత్తుకున్నట్టు చేతుల మీద ఎత్తుకున్నారు. గుమ్మం దాటుతుంటే వాన పెరిగింది. పట్టు తడిస్తే చీర పోయినట్టే. యేసయ్య పరుగెత్తి శ్రవణ్ కుమార్ జాగాకున్న ఆకుపచ్చ పరదా విప్పుకొచ్చి అందరి నెత్తిన గొడుగులా పట్టించాడు. నెల రోజులు తప్పును దాచిన పరదా ఆ పూట ఒక మంచి పనికి వచ్చింది.

వీధి దాటడానికి పావుగంట పట్టింది. ఒక్క దారం తెగలేదు.

తర్వాత బియ్యం డబ్బా, పెట్టె, దేవుడి పటం, పొయ్యి ఒక్కొక్కటే దాటాయి. అనంతమ్మ చెంబు మర్చిపోయానని వెనక్కి పోబోతే అర్చన ఆమె రెక్క పట్టుకుని ఆపింది. అయిదుంబావు ప్రాంతంలో, జోరు వానలో, ఆ గోడ పెద్దగా చప్పుడు కూడా చేయకుండా కూర్చుండిపోయింది. ముందు మగ్గం ఉన్న గది, దాని వెంట పైకప్పు గొయ్యిలోకి జారాయి. కాసేపు దుమ్ము లేచింది, వాన దాన్ని అణిచేసింది. అందరూ తలలు లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. చెంబు ఒక్కటే పోయింది.

అర్చన జోగులమ్మ గడప మీద కూలబడింది. పన్నెండు మంది మాట్లాడుతున్నారు గానీ ఆమెకు ఏదీ వినబడలేదు. బతికారు, బతికారు అన్న ఒక్క మాటే లోపల తిరిగింది. ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. అనంతమ్మ వచ్చి పక్కన కూర్చుని, "మేము గదా బిడ్డా ఏడవాల్సింది" అంటూ కొంగుతో ఆమె ముఖం తుడిచింది. ఆరింటి బస్సు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

రాత్రి జోగులమ్మ ఇంట్లోనే ఉండిపోయిన అర్చన పొద్దున టీ తాగుతుంటే లోపలి నుంచి పెంటయ్య కేక. అతను తెల్లవారకముందే జోగులమ్మ గుంతలో కాళ్లు దించి, సగంలో ఆగిన చీర మీద కూర్చున్నాడు. అనంతమ్మ అవతలి పక్క ఉంది.

"బిడ్డా, ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారం తాతా."

"సామి దినం కాదు గద?"

"కాదు."

పెంటయ్య అంచు మీద వేలు పెట్టి చూపించాడు. జానెడు నేశాడు. గీత సూటిగా, ఎక్కడా తొణక్కుండా దిగింది. "తప్పు నా చేతిది కాదు" అన్నాడు. గీత మీద వేలు ఇంకోసారి జరిపి, "నా చెయ్యి మంచిగనే ఉన్నది" అన్నాడు. ఇల్లు పోయిన మరునాడు పొద్దున అంత తేలికైన ముఖం అర్చన ఇంకెక్కడా చూడలేదు. నెల రోజులుగా గుండె మీదున్న బండ దిగిపోయినట్టు అతను ఊపిరి పీల్చుకున్నాడు, నీళ్లు నిండిన కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

శ్రవణ్ కుమార్ ఊరుకోలేదు. పాత మట్టి గోడ, వానకు పడింది, నాదేం తప్పు, మిషన్ నెల రోజులుగా బందే ఉంది అని జిల్లా ఆఫీసులో రాసిచ్చాడు. విచారణ రోజున పెద్దసారు ముందు అర్చన మూడు చీరలు పరిచింది. ముడులు చూపించింది. ఏ రోజు మిషన్ నడిచిందో, ఏ రోజు ఆగిందో వేలు పెట్టి చదివింది. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. శ్రవణ్ కుమార్ తను రాసిన కాగితం తనే వెనక్కి తీసుకుని, ఇల్లు కట్టిస్తానని ఒప్పుకున్నాడు.

"ఈ సూటిగా ఉన్నవి అన్నీ గురువారాలేనా అమ్మా?" అని అడిగాడు పెద్దసారు.

"అవును సార్, గోడ కూలిన రోజు దాకా. నేను ఉన్న రోజులు" అంది అర్చన. ఆమె గొంతులో భయం లేదు. "మిగతా రోజులకు మనుషులు కావాలి సార్. నేను అడిగి ఏడాదయింది. నా మాట కాగితం మీద సరిపోలేదు గనుక చీర తెచ్చిన."

పెద్దసారుకు కాగితాల కంటే చీరే నయమనిపించింది. నెలన్నర తిరిగేలోగా ఆ రెండు ఊళ్లకూ ఇద్దరు కొత్త ఓవర్సియర్లు వచ్చారు, అర్చనకు ఈ ఒక్క ఊరే మిగిలింది. యేసయ్యను ఏ గేటు దగ్గర ఆపినా ఆపినవాడి పేరు రాసుకురమ్మని కమిషనర్ ఉత్తర్వు ఇచ్చాడు. ఒక సోమవారం పొద్దున ఆమె బస్సు దిగేసరికి బస్టాండు ముందర స్లాబు పోస్తున్న మేస్త్రీ చేతిలో తాపీ జారింది. "మేడం, ఇయ్యాల సోమవారం గద" అన్నాడు. "అవును, రేపు మంగళవారం" అంది అర్చన, నడుస్తూనే. మేస్త్రీ పంచాంగం ఆ పూటతో పనికిరాకుండా పోయింది.

సాయంత్రం పెంటయ్య కొత్త గోడ కొలిచి వద్దామని వెళ్లింది. పునాది పడింది, గోడ మొల ఎత్తున లేచింది. ముసలాయన ఇంకా జోగులమ్మ గుంతలోనే ఉన్నాడు. అప్పుడే ఒక చీర దిగింది. అనంతమ్మ ఒళ్లో పెట్టుకుని పసుపు ముడులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. రేపు సావుకారు మనిషి వచ్చి తీసుకుపోతాడట. పెంటయ్య ఆ చీర అర్చన చేతికిచ్చాడు.

"ఇందుల బేస్తవారం యాడుందో చెప్పు, చూస్త."

అర్చన దీపం దగ్గరికి జరిగి అంచు మీద వేలు పెట్టింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా జరిపింది. మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి జరిపింది. అనంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"తెలుస్తలేదు తాతా" అంది.